ఎంట్రోపీని లెక్కించడం ఎలా: డీఎన్‌ఏ వరుసల నుంచి మంచుగడ్డ దాకా

ఎంట్రోపీ అంటే ఏది జరుగుతుందో ముందే తెలియని అనిశ్చితికి కొలత. దాని సూత్రం చూడటానికి ఒక్క పంక్తే. ప్రతి సంభావ్యతనూ దాని లాగరిథమ్‌తో గుణించి, అన్నింటినీ కూడి, వచ్చిన మొత్తానికి రుణ గుర్తు పెట్టాలి. 1948లో క్లాడ్ షానన్ సందేశాల కోసం రాసిన సూత్రానికీ, అంతకు చాలా ముందే భౌతిక శాస్త్రవేత్త గిబ్స్ అణు సమూహాల కోసం రాసిన సూత్రానికీ రూపం ఇదే. రెండోదానిలో ఉష్ణోగ్రతను శక్తితో ముడిపెట్టే బోల్ట్‌జ్‌మన్ స్థిరాంకం అదనంగా ఉంటుంది. రూపం ఒకటే కావడం వల్ల పొరబడటానికీ అవకాశం ఎక్కువ. కాబట్టి ముందుగా ఆ సంభావ్యతలు దేనికి సంబంధించినవో ఒక వాక్యంలో రాసుకోండి. ఆ వాక్యం కుదరకపోతే లెక్కలో వచ్చే అంకెకు అర్థం ఉండదు.

డీఎన్‌ఏతో మొదలుపెడదాం. ఇ. కోలై బాక్టీరియాలో ఎనిమిది జన్యువుల ముందుండే ప్రమోటర్ భాగాలను (జన్యువును చదవడం ఎక్కడ మొదలవ్వాలో సూచించే ముక్కలను) ఒకదాని కింద ఒకటి పేర్చినప్పుడు, ఒక నిలువు వరుసలో డీఎన్‌ఏ నాలుగు క్షారాల్లో అడినిన్ నాలుగుసార్లు, థైమిన్ రెండుసార్లు, గ్వానిన్, సైటోసిన్ ఒక్కోసారి వచ్చాయనుకోండి. సంభావ్యతలు 1/2, 1/4, 1/8, 1/8. ఆధారం 2గా తీసుకున్న లాగరిథమ్‌లు, రుణ గుర్తు తీసేస్తే, 1, 2, 3, 3. గుణిస్తే 0.5, 0.5, 0.375, 0.375; మొత్తం 1.75 బిట్లు (ఆధారం 2 అయితే ఎంట్రోపీ ప్రమాణం బిట్). ఏదైనా క్షారం అసలు కనిపించకపోతే దాని పదాన్ని సున్నాగా తీసుకోవాలి. నాలుగు క్షారాలకు గరిష్ఠ ఎంట్రోపీ 2 బిట్లు; ఇ. కోలైలో అవి దాదాపు సమానంగానే ఉంటాయి కనుక దాన్నే ప్రాతిపదికగా తీసుకుని, అందులోంచి 1.75 తీసేస్తే, ఈ స్థానం 0.25 బిట్ల సమాచారం మోస్తున్నట్టు తేలుతుంది.

చాలామంది ఇక్కడితో ఆపేస్తారు, కానీ అసలు పని ఇంకా మిగిలే ఉంది. చిన్న నమూనా నుంచి లెక్కించిన ఎంట్రోపీ సగటున నిజమైన విలువకన్నా తక్కువగా వస్తుంది, ఎందుకంటే అరుదైనవి కనిపించకుండా పోవడమూ, తరచుగా వచ్చేవి మరీ తరచుగా వచ్చినట్టు అనిపించడమూ చిన్న నమూనాలో సహజం. దీనికి సవరణ ఉంది: క్షారాల సంఖ్యలోంచి ఒకటి తీసేసి, దాన్ని నమూనా పరిమాణానికి రెట్టింపుతోనూ, 2 యొక్క సహజ లాగరిథమ్ అయిన 0.693తోనూ భాగించి, వచ్చినదాన్ని ఎంట్రోపీకి కలపాలి. మన వరుసకు అది 3ను 11.09తో భాగిస్తే వచ్చే 0.27. కలిపితే ఎంట్రోపీ 2.02 అయి గరిష్ఠాన్నే దాటిపోతుంది. అంటే మనం చూశామనుకున్న 0.25 బిట్ల సమాచారానికి ఆధారమే లేదు. అవే నిష్పత్తులు 80 జన్యువుల ప్రమోటర్లలో వచ్చి ఉంటే సవరణ 0.027 మాత్రమే, అప్పుడు 0.22 బిట్లు ధీమాగా చెప్పుకోవచ్చు. 1990లో ష్నైడర్, స్టీఫెన్స్ రూపొందించిన సీక్వెన్స్ లోగోలలో (ఒక్కో స్థానంలోని సమాచారాన్ని అక్షరాల ఎత్తుతో చూపే బొమ్మల్లో) అక్షరాల దొంతర ఎత్తును ఈ సవరణ చేశాకే నిర్ణయిస్తారు.

జీవావరణ శాస్త్రంలో జాతుల వైవిధ్యానికి షానన్ సూచికను, అంటే ఇదే ఎంట్రోపీని, సాధారణంగా సహజ లాగరిథమ్‌తో లెక్కిస్తారు. అవే నాలుగు సంభావ్యతలకు అక్కడ 1.213 వస్తుంది. రెండు అధ్యయనాల సూచికలను పోల్చే ముందు ఆధారం ఏమిటో చూసుకోవాలి; లేదా ఆధారాన్ని ఎంట్రోపీ ఘాతానికి హెచ్చించాలి. రెండు పద్ధతుల్లోనూ 3.36 వస్తుంది, అంటే సమానంగా ఉన్న 3.36 జాతులకు సరిపడే వైవిధ్యం. నా దృష్టిలో నివేదికలో రాయవలసిన అంకె ఇదే.

ఇక ఉష్ణగతిక శాస్త్రం. ఒక బిట్‌ను బోల్ట్‌జ్‌మన్ స్థిరాంకంతోనూ 0.693తోనూ గుణిస్తే 9.57 × 10⁻²⁴ జౌల్స్ పర్ కెల్విన్ వస్తుంది. అయితే ప్రమోటర్ వరుసలోని 1.75 బిట్లను ఇలా మార్చడం తప్పు. ఆ సంభావ్యతలు వేర్వేరు జన్యువుల మధ్య తేడాలకు సంబంధించినవి; ఒక అణువు తిరిగే సూక్ష్మస్థితులకు (దాని కణాల వేర్వేరు అమరికలకు) వాటితో సంబంధం లేదు.

ఈ మార్పిడి చక్కగా కుదిరే చోటు మంచుగడ్డ. మంచులో ప్రతి ఆక్సిజన్ చుట్టూ నాలుగు బంధాలు, వాటిలో రెండింటి హైడ్రోజన్లు దగ్గరగా, రెండింటివి దూరంగా ఉంటాయి. ఏ రెండు దగ్గర అన్నదాన్ని ఆరు విధాలుగా ఎంచుకోవచ్చు. కానీ ఒక బంధంలో సరిగ్గా ఒకే హైడ్రోజన్ ఉండే అవకాశం సగమే, పైగా ప్రతి బంధాన్నీ రెండు అణువులు పంచుకుంటాయి కనుక అణువుకు రెండు బంధాలు లెక్కకు వస్తాయి; రెండూ సరిగ్గా కుదిరే అవకాశం నాలుగో వంతు. కనుక ఆరును నాలుగుతో భాగించాలి. అణువుకు 1.5 అమరికలు, అంటే 0.585 బిట్లు. 1.5 సహజ లాగరిథమ్ 0.405ను వాయు స్థిరాంకం 8.314తో గుణిస్తే మోల్‌కు 3.37 జౌల్స్ పర్ కెల్విన్. 1935లో లైనస్ పౌలింగ్ వేసిన లెక్క ఇది. మరుసటి ఏడు జియోక్, స్టౌట్ ఉష్ణధారణను కొలిచి తేల్చిన మిగులు ఎంట్రోపీ, అంటే పరమశూన్య ఉష్ణోగ్రత దగ్గర కూడా మిగిలే ఎంట్రోపీ, దాదాపు 3.4.

పౌలింగ్ బంధాలను ఒకదానితో ఒకటి సంబంధం లేనివిగా తీసుకున్నాడు. వలయాలుగా కలిసిన బంధాలను కూడా లెక్కలోకి తెస్తే 1.5 స్థానంలో 1.507 వచ్చి, ఫలితం 3.41 అవుతుంది. మంచులో ఈ ఉపేక్ష వల్ల వచ్చే తేడా స్వల్పం. డీఎన్‌ఏలో అలా ఉంటుందన్న హామీ లేదు: నిలువు వరుసల ఎంట్రోపీలను విడివిడిగా కూడితే వచ్చేది ఉమ్మడి ఎంట్రోపీకి (అన్ని స్థానాలనూ కలిపి చూసినప్పటి ఎంట్రోపీకి) పై హద్దు మాత్రమే. రెండు స్థానాలు ఒకదానిమీద ఒకటి ఆధారపడతాయని అనుమానం ఉంటే 16 జంటల సంభావ్యతలతో మళ్లీ లెక్కించాలి. అప్పుడు సవరణలో 3కు బదులు 15 వేయాలి కాబట్టి, ఒక్క నిలువు వరుసకు సరిపోయిన నమూనాకు కనీసం ఐదు రెట్లు సమకూర్చుకోవాలి.