స్క్రీన్ రీడర్‌తో మీ వెబ్‌సైట్‌ను ఎలా పరీక్షించాలి?

కూకట్‌పల్లిలో పచ్చళ్లు అమ్మే దుకాణానికి కూడా ఇప్పుడు వెబ్‌సైట్ ఉంటోంది. ఆవకాయ ఎంచుకుని, అడ్రస్ ఇచ్చి, డబ్బు కట్టేస్తే పార్సిల్ ఇంటికొస్తుంది. చూపు లేనివాళ్లు కూడా ఎవరి సాయం అడక్కుండా ఆ ఆర్డర్ పెట్టుకోగలగాలి. మీ సైటులో అది కుదురుతుందో లేదో స్క్రీన్ రీడర్‌తో, అంటే తెర మీద ఉన్నది పైకి చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌తో, పైసా ఖర్చు లేకుండా మీరే తేల్చుకోవచ్చు.

ముందుగా విండోస్ కంప్యూటర్‌లో ఎన్‌వీడీఏ వేసుకోండి. ఈ ఉచిత స్క్రీన్ రీడర్‌ను 2006లో ఆస్ట్రేలియాలో మైకేల్ కరన్ మొదలుపెట్టారు. ఆయనకూ చూపు లేదు. ఆన్ చేయగానే గడగడా మాట్లాడేస్తుంది, టెన్షన్ పడకండి. కంట్రోల్ కీ నొక్కితే ఆగుతుంది. మీ సైటు తెలుగులో ఉంటే, సెట్టింగుల్లో దానితో పాటే వచ్చే ఈస్పీక్ ఎన్‌జీ అనే గొంతును ఎంచుకోండి, తెలుగు చదువుతుంది. పేజీ భాష తెలుగు అని కోడ్‌లో కూడా రాసి ఉండాలి.

క్రోమ్‌లోనో ఫైర్‌ఫాక్స్‌లోనో సైటు తెరిచి, మౌస్ పక్కన పెట్టి, మానిటర్ ఆపేయండి. ఇది మాత్రం వదిలేయొద్దు. తెర కనిపిస్తూ ఉంటే, చెవికి అందనిది కన్ను పూరించేస్తుంది, లోపం తెలియదు.

హెచ్ కీ నొక్కుతూ పోతే శీర్షికలు ఒక్కొక్కటే వినిపిస్తాయి. ఇన్‌సర్ట్, ఎఫ్7 కలిపి నొక్కితే లింకుల జాబితా వస్తుంది. అందులో వరసగా "ఇక్కడ క్లిక్ చేయండి" అనే ఉంటే ఏది ఎక్కడికి పోతుందో ఎవరికీ అర్థం కాదు.

అసలు పరీక్ష ఆర్డర్ ఫారం దగ్గరే. ట్యాబ్ నొక్కుతూ ఒక్కో గడికి వెళ్లండి. "ఫోన్ నంబర్, ఎడిట్" అని వినిపిస్తే సరే. ఉత్త "ఎడిట్, బ్లాంక్" అంటే, పైన ఫోన్ నంబర్ అని కంటికి కనిపిస్తున్నా కోడ్‌లో ఆ మాటను గడికి కలపలేదన్నమాట. పేజీలో ఏమేం ఉన్నాయో, వాటి పేర్లేమిటో చెప్పే యాక్సెసిబిలిటీ ట్రీ అనే పట్టికను బ్రౌజర్ తయారుచేస్తుంది. స్క్రీన్ రీడర్‌కు అందేది ప్రధానంగా అదే. అందులో గడికి పేరు లేకపోతే ఎన్‌వీడీఏ ఏమని చెబుతుంది? లేబుల్‌ను గడి ఐడీతో కలపమని డెవలపర్‌ను అడగండి, ఒక్క లైను పని. కొన్న వస్తువులు చూపే బుట్ట గుర్తు (కార్ట్) మీదికి వెళ్లినప్పుడు "బటన్" అని ఊరుకున్నా లోపం ఇలాంటిదే.

ఇప్పుడు పిన్‌కోడ్ 500072 బదులు కావాలనే 50007 అని కొట్టి ఆర్డర్ నొక్కండి. చాలా సైట్లలో గడి ఎర్రబడుతుంది, మాట మాత్రం రాదు. చూపు లేని మనిషి ఆర్డర్ వెళ్లిందనుకుని పార్సిల్ కోసం ఎదురుచూస్తూ ఉంటారు. అన్నిటికన్నా ముందు దీన్ని సరిచేయించండి. తప్పు ఎక్కడుందో మాటల్లో రాసి, ఫోకస్, అంటే కీబోర్డు పనిచేసే చోటు, నేరుగా ఆ గడికే వెళ్లేలా చేయాలి.

ఫారంలోంచి బయటికి రావడానికి ఎస్కేప్, ఎన్‌వీడీఏ మూయడానికి ఇన్‌సర్ట్, క్యూ.

ఆ తర్వాత ఇదే ఆర్డర్‌ను ఆండ్రాయిడ్ ఫోన్‌లో టాక్‌బ్యాక్ అనే స్క్రీన్ రీడర్‌తో పెట్టి చూడండి. కుడివైపు స్వైప్ చేస్తే తర్వాతిది చదువుతుంది, రెండుసార్లు తడితే తెరుస్తుంది. బ్రౌజర్, రీడర్ మారితే అదే కోడ్ వేరేగా వినిపించవచ్చు. అందుకే ఏ లోపం దేనిలో వచ్చిందో రాసుకోండి. చివరగా, రోజూ స్క్రీన్ రీడర్ వాడేవాళ్లతో ఒక ఆర్డర్ పెట్టించండి, వాళ్ల సమయానికి డబ్బివ్వండి.