ఊహకు లెక్క కట్టడం - 5వ పాఠం: కకుద్మి విన్న పాట ఎంతసేపు?

ముందు పోయిన పాఠం అభ్యాసానికి జవాబు. అంతరిక్షంలో బరువు తెలియదు కాబట్టి నౌకను గిరగిరా తిప్పి బరువు తెప్పించాలంటే అది ఎంత పెద్దదిగా ఉండాలన్నది అప్పటి ప్రశ్న. నిమిషానికి రెండు చుట్లు తిరిగే నౌక అంచున భూమి మీద ఉన్నంత బరువు తెలియాలంటే వ్యాసార్థం సుమారు 224 మీటర్లు ఉండాలి. 447 వచ్చినవాళ్లు వ్యాసం రాశారు, పద్ధతి మాత్రం సరిగ్గానే పట్టుకున్నారు. జాతరలో రంగులరాట్నమంత చిన్న నౌక అనుకోండి, వ్యాసార్థం 8 మీటర్లు. దాన్ని నిమిషానికి పదిన్నర సార్లు తిప్పాలి. అందులో మనిషి తల తిప్పితే చాలు, కడుపులో తిప్పుతుంది. అందుకే కథల్లో మంచి నౌకలు అంత పెద్దవిగా ఉంటాయి.

ఈసారి కాలప్రయాణం. ఉదాహరణ మన ఇళ్లలో అందరికీ తెలిసిన కథే. భాగవతం నవమ స్కంధంలో కకుద్మి మహారాజు కూతురు రేవతిని వెంటబెట్టుకుని, ఆమెకు వరుణ్ణి అడగడానికి బ్రహ్మలోకం వెళ్తాడు. అక్కడ గంధర్వగానం జరుగుతోంది. అది అయ్యేదాకా క్షణం ఆగుతాడు. ఆ తర్వాత అడిగితే బ్రహ్మ చెప్తాడు: నువ్వు మనసులో అనుకున్నవాళ్లెవరూ ఇప్పుడు లేరు, ఇరవై ఏడు చతుర్యుగాలు గడిచిపోయాయి అని.

పురాణంలో ఐన్‌స్టీన్ ఉన్నాడని నిరూపించడం ఈ పాఠం పని కాదు. అలా అనేస్తే ఫ్యాన్ థియరీ (అభిమానులు కథకు అల్లుకునే వివరణ) అక్కడే ఆగిపోతుంది, ఇంక పరీక్షించడానికేమీ మిగలదు. కథ ఇచ్చిన అంకెలను నమ్మి, మన ఊహ వాటికి నిలుస్తుందో లేదో చూడటమే మనం నేర్చుకునే విద్య.

చతుర్యుగం 43,20,000 ఏళ్లు. ఇరవై ఏడైతే 11,66,40,000 ఏళ్లు. ఈ అంకెను నోటుబుక్కులో పైన రాసుకోండి.

మొదట అందరికీ తోచే థియరీ: కకుద్మి కాంతి వేగానికి దగ్గరగా పోయే నౌకలో వెళ్లాడు. వేగం పెరిగితే కాలం నెమ్మదిస్తుందన్నది నిజమే. కాంతి వేగంలో 80 శాతంతో పోతే నౌకలో గంట గడిచేసరికి బయట గంటా నలభై నిమిషాలు అవుతుంది. 99 శాతమైతే బయట ఏడు గంటలు. మనకు కావలసింది గంటకు పదకొండున్నర కోట్ల ఏళ్లు, అంటే సుమారు లక్ష కోట్ల రెట్లు! పోనీ అంత వేగం వచ్చిందనే అనుకుందాం. అప్పుడు బ్రహ్మలోకం ఒకవైపుకే 5 కోట్ల 83 లక్షల కాంతి సంవత్సరాల దూరంలో ఉండాలి. ఆండ్రోమెడా గెలాక్సీయే సుమారు 25 లక్షల కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. అన్నిటికంటే ముఖ్యం, కథ దారికి పట్టిన సమయం ఊసే ఎత్తదు. ఆగిన సమయం గురించే చెప్తుంది. కాబట్టి ఈ థియరీని నేను పక్కన పెడతాను.

రెండోది కృష్ణబిలం, అంటే కాంతిని కూడా బయటికి పోనివ్వని బ్లాక్ హోల్. గురుత్వాకర్షణ ఎక్కువున్న చోట కాలం నెమ్మదిస్తుంది. మన ఫోన్లకు దారి చూపించే జీపీఎస్ ఉపగ్రహాల్లో ఇది రోజూ కనిపించేదే. ఎత్తులో ఆకర్షణ తక్కువ ఉన్నందుకు వాటి గడియారాలు రోజుకు 45 మైక్రోసెకన్లు ముందుకు, వేగం వల్ల 7 వెనక్కి, మొత్తం మీద 38 ముందుకు పోతాయి. ఆగి ఉన్న చోటే కాలం తేడా వస్తుంది కాబట్టి ఇది కథకు దగ్గరే. కానీ లక్ష కోట్ల రెట్ల తేడా రావాలంటే బిలం అంచుకు దాదాపు ఆనుకుని, పడిపోకుండా నిలబడాలి. అలా నిలబెట్టే ఇంజన్ దొరికినా లోపలి మనుషుల మీద పడే బరువు ఎముకలను పొడి చేస్తుంది. రేవతి తిరిగొచ్చి బలరాముణ్ణి పెళ్లాడింది కదా. నౌక డిజైన్ దగ్గరే ఇది ఓడిపోయింది.

ఇక్కడ బయటి భౌతికశాస్త్రాన్ని వదిలి కథలోపలి నియమాన్ని వెతకాలి. పురాణాల లెక్కలో బ్రహ్మకు ఒక పగలు వెయ్యి చతుర్యుగాలు. పగలంటే పన్నెండు గంటలు అనుకుంటే, ఇరవై ఏడు చతుర్యుగాలకు ఎంత? 720 నిమిషాలను 27తో గుణించి వెయ్యితో భాగించండి. 19.44 నిమిషాలు.

ఈ జవాబు వచ్చిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అంతకు కొద్ది రోజుల ముందే తిరుపతి మహతి ఆడిటోరియంలో ఒక అన్నమయ్య కీర్తన విన్నాను. ఆలాపన నుంచి చివరి పల్లవి దాకా వాచీలో ఇరవై నిమిషాలు. కకుద్మి ఆగింది అంతసేపే! ఒక్క పాట అయ్యేదాకా. కథలో వేర్వేరు చోట్ల ఉన్న రెండు అంకెలు ఒకదాన్నొకటి బలపరిస్తే ఆ థియరీ నిలుస్తుంది.

ఇంకో పరీక్ష ఉంది, విడిగా మిగిలిపోయిన వివరాన్ని కూడా థియరీ కలుపుకోవాలి. విష్ణుపురాణంలో రేవతి చాలా పొడగరి, బలరాముడు నాగలి కొనతో ఆమె ఎత్తు తగ్గిస్తాడు. పాత యుగాల మనుషులు పొడుగువాళ్లన్నది పురాణాల మాట. లోకం యుగాలు దాటింది, ఆమె శరీరానికి మాత్రం ఇరవై నిమిషాలే గడిచాయి. ఎత్తు అందుకే మిగిలింది.

అభ్యాసం: భాగవతం దశమ స్కంధంలో ముచుకుందుడు గుహలో యుగాల తరబడి నిద్రపోయి, బయటికొచ్చి చిన్నగా ఉన్న మనుషులను, చెట్లను చూసి కలియుగం వచ్చేసిందని గ్రహిస్తాడు. ఇది కాలప్రయాణమా, నిద్రనౌకా (మనుషులు ఏళ్ల తరబడి నిద్రలోనే ప్రయాణించే కథల నౌక)? ఆ నిద్రలో అతని శరీరానికి ఎంత కాలం గడిచిందో తేల్చడానికి కథలో ఏ వివరం పనికొస్తుందో వెతికి, నాలుగు వాక్యాల్లో రాసి పెట్టుకోండి. ఆరో పాఠం అక్కడి నుంచి మొదలుపెడదాం.