బ్రేక్ హార్డ్ అయిందా? బూస్టర్ మార్చే ముందు ఇవి చూస్కోండి

పెడల్ గట్టిపడిపోయి, బలమంతా పెట్టి తొక్కితే గానీ బండి ఆగట్లేదని గ్యారేజ్‌కి పోతే ముందు వినపడే మాట "బూస్టర్ పోయింది సార్". ఇంజిన్ వ్యాక్యూమ్ (గాలి లాగే శక్తి) వాడుకుని మన కాలి బలాన్ని పెంచి బ్రేక్‌కి అందించేదే బూస్టర్. పోయి ఉండొచ్చు, కాదనను, కానీ దానికి వ్యాక్యూమ్ తెచ్చే రబ్బర్ పైపో, అందులో గాలిని ఒకే వైపు పోనిచ్చే నాన్ రిటర్న్ వాల్వో పాడైనా పెడల్ అచ్చం అలాగే అవుతుంది, వాటి ఖర్చు బూస్టర్ ముందు ఏపాటి?

పెడల్ మెత్తగా స్పాంజ్‌లా దిగుతుంటే మాత్రం ఇది చదవక్కర్లేదు, అది బ్రేక్ ఆయిల్‌లో ఎయిర్ పట్టడం. తొక్కి పట్టుకుంటే మెల్లగా కిందికి జారిపోతుంటే, తొక్కినప్పుడు బ్రేక్ ఆయిల్‌ని చక్రాలకి తోసే మాస్టర్ సిలిండరో, ఎక్కడో లీకో.

బండిని సమంగా ఉన్న చోట న్యూట్రల్‌లో పెట్టి హ్యాండ్ బ్రేక్ లాగండి. ఇంజిన్ ఆఫ్‌లోనే నాలుగైదు సార్లు తొక్కితే పెడల్ గట్టిపడుతుంది, కంగారు పడకండి, లోపల మిగిలిన వ్యాక్యూమ్ అయిపోయిందంతే. ఇప్పుడు కాలు తీయకుండా అలాగే నొక్కి ఉంచి స్టార్ట్ చేయండి, పెడల్ కొంచెం కిందికి దిగాలి. దిగితే బూస్టర్‌కి వ్యాక్యూమ్ అందుతున్నట్టే, ఇక ప్యాడ్లు, వాటిని నొక్కే క్యాలిపర్ జామ్ లాంటివి చూడాలి. దిగకపోతే బానెట్ ఎత్తాల్సిందే.

ఇంకోటి, ఇంజిన్ రెండు నిమిషాలు నడిపి ఆపేసి, గ్యాప్ ఇస్తూ మూడు సార్లు తొక్కండి. మొదటిసారి లోతుగా పోయి, తర్వాత ఒక్కోసారికి పైనే ఆగుతూ రావాలి. మొదటి తొక్కుకే గట్టిగా ఉంటే వ్యాక్యూమ్ నిలబడట్లేదు.

బానెట్ కింద ఇంజిన్ నుంచి బూస్టర్‌కి వచ్చే లావు పైపుని చేత్తో తడిమి చూడండి, పగుళ్లు, లూజ్ క్లిప్, వేడికి మెత్తబడి లోపలికి అతుక్కుపోవడం, ఇవే ఎక్కువ. ఇంజిన్ ఆపాక వాల్వ్‌ని బూస్టర్ నుంచి లాగితే ఫుస్స్‌మనాలి. వాల్వ్‌ని బూస్టర్ వైపు నుంచి ఊదితే గాలి పోవాలి, ఇంజిన్ వైపు నుంచి ఊదితే అస్సలు పోకూడదు. పెట్రోల్ బండికి వ్యాక్యూమ్ గేజ్ పెడితే ఐడిల్‌లో సుమారు 16 నుంచి 22 ఇంచుల (పాదరసం లెక్కలో) వ్యాక్యూమ్ చూపించాలి. డీజిల్‌కి విడిగా వ్యాక్యూమ్ పంప్ ఉంటుంది, కొన్ని పాత బండ్లలో ఆల్టర్నేటర్ వెనకే, దాన్ని చూడకుండానే బూస్టర్ మార్చేవాళ్లు ఉన్నారు, దగ్గరుండి అడగండి.

ఇవన్నీ బాగుండి, పెడల్ తొక్కి పట్టుకున్నంతసేపూ కాళ్ల దగ్గర సుయ్‌మని గాలి శబ్దం వస్తూ ఐడిల్ కూడా తడబడుతుంటే అప్పుడు బూస్టర్ లోపలి రబ్బర్ పొర (డయాఫ్రమ్) చిరిగినట్టే, బూస్టర్ మొత్తం మార్చేయాలి. మార్చేటప్పుడు మాస్టర్ సిలిండర్ వెనక తడి ఉందేమో చూడమనండి. బయట లీక్ లేకుండా బ్రేక్ ఆయిల్ తగ్గుతుంటే అది బూస్టర్‌లోకే దిగుతుండొచ్చు, సీల్ సంగతి చూడకపోతే కొత్త బూస్టర్ కూడా పాడవుతుంది.

తేలేదాకా బండి రోడ్డెక్కించకండి, టోయింగ్ పిలవండి. అన్నట్టు శ్రీశైలం ఘాట్‌లో పెట్రోల్ మిగులుతుందని ఇంజిన్ ఆపి దిగేవాళ్లకి కూడా, బూస్టర్ బాగున్నా సరే, ఆపాక రెండు మూడు తొక్కులకి మించి సాయం ఉండదు, ఆ తర్వాత ఇదే గట్టి పెడల్.