గాలివాన తరవాత మామిడి తోట: రాలిన కాయ ఏ రోజుది ఆ రోజే ఏరాలి

సాయంత్రమయ్యేసరికి మబ్బు పట్టడం, ఈదురుగాలి లేవడం, గంటసేపు వాన దంచి పోవడం. విశాఖపట్నం చుట్టుపక్కల ఆనందపురం, పద్మనాభం, భీమిలి, సబ్బవరం వైపు తోటల్లో నాలుగు రోజులుగా ఇదే వరస. చెట్ల కింద కాయ పరిచినట్టు రాలింది. రాలినదాని గురించి బెంగ అందరికీ ఉంది. కానీ చెట్టున మిగిలిన కాయ గురించి ఇప్పుడు బెంగపడాలి. పైకి చిన్న మచ్చ కూడా లేని బంగినపల్లి, మగ్గాక కోస్తే టెంక చుట్టూ తెల్ల పురుగులని కొన్నవాళ్లు ఫిర్యాదు చేయడం మొదలైంది. ఇది పండు ఈగ పని. కోతకు ఇంకా మూడు వారాలున్న తోటలకే అసలు గండం.

వానకీ ఈగకీ ఉన్న లెక్క

మామిడిని పాడుచేసే పండు ఈగలు ముఖ్యంగా మూడు: బాక్ట్రోసెరా డోర్సాలిస్, బాక్ట్రోసెరా జొనాటా, బాక్ట్రోసెరా కరెక్టా. రైతు చేయాల్సిన పని మూడింటికీ ఒకటే. 25 నుంచి 30 డిగ్రీల వేడి, గాలిలో తేమ, మబ్బు నీడ వీటికి బాగా సరిపడతాయి. పడమటి గాడ్పు కొట్టి 38, 40 డిగ్రీలు ఉన్నప్పుడు గుబురు ఆకుల నీడలో నక్కి, పొద్దునా సాయంత్రమే కదులుతాయి. అప్పుడు ఎరల్లో పడే ఈగలు తగ్గుతాయి. ఈగ పోయిందనుకుని ఎర తీసేస్తే, వాన పడి చల్లబడిన రెండు రోజుల్లోనే తెలిసొస్తుంది.

నేలలో జరిగేది ఇంకా ముఖ్యం. కాయలో పెరిగిన పురుగు బయటికొచ్చి, నేలలో అంగుళం, రెండంగుళాల లోతున గూడు కట్టుకుంటుంది. ఎండకు బిగిసిన నేలలోకి అది తేలిగ్గా దూరలేదు. పైనే ఎండకు, చీమలకు, పక్షులకు పోతుంది. లోపలున్న గూళ్లు కూడా వేడికి చాలావరకు ఎండిపోతాయి. ఒక్క వాన పడి పైనేల పదునెక్కిందా, ఈ అడ్డంకులన్నీ తొలగినట్టే. నీరు రోజుల తరబడి నిలిస్తే గూళ్లు కుళ్లుతాయన్నది నిజమే. కానీ వాలు మీదున్న మన ఎర్ర నేలల్లో వాన నీరు ఒక్క పూటలో ఇంకిపోతుంది, దాన్ని నమ్ముకోకండి.

మే నెల వేడిలో గుడ్డు ఒకటి రెండు రోజుల్లో పగులుతుంది. పురుగు వారం పది రోజులు కాయ తింటుంది. నేలలో మరో పది రోజుల సుమారు ఉండి ఈగై లేస్తుంది. ఆ తరవాత వారం, పది రోజులకు గుడ్లు పెట్టడం మొదలుపెడుతుంది. భరణి కార్తెలో రాలిన సువర్ణరేఖలో ఉన్న గుడ్డు, రోహిణి కార్తెకల్లా ఈగై మీ బంగినపల్లి మీదా, రసాల మీదా, కలెక్టరు (తోతాపురి) మామిడి మీదా తిరుగుతూ ఉంటుంది. 2022లో అసని తుపాను వచ్చింది కూడా మే రెండో వారంలోనే, సరిగ్గా మన కోతల నడుమ.

తోటల్ని ముంచే తప్పు

రాలిన కాయను వదిలేయడం. ఏటా నష్టం మొదలయ్యేది ఇక్కడే.

గాలివాన వెలిశాక మంచి కాయ ఏరి పచ్చడికీ, ఒరుగులకీ పంపిస్తారు. పగిలింది, మెత్తబడింది, పిందె సైజుది అక్కడే ఉంటుంది. తోట కొన్న వ్యాపారికి అది డబ్బు కాదు. తోట అమ్మేసిన రైతుకి అది తన కాయ కాదు. ఈ ఇద్దరి మధ్య పురుగు నేలలోకి దిగిపోతుంది. వచ్చే ఏడు ఒప్పందంలోనే రాలు కాయ ఏరాల్సింది ఎవరో రాయించుకోండి. ఈ ఏటికి మాత్రం ఎవరిదని వాదించుకోకుండా ఏరండి.

ఏరి ఎక్కడ వేస్తున్నారన్నది కూడా అంతే ముఖ్యం. గట్టు మీద కుప్ప పోస్తే ఈగలకు పురుడు పోసినట్టే. పెంటకుప్పలో పైపైన పారేసినా అంతే. గెడ్డలోకి (వాగులోకి) విసిరితే కిందనున్న వాళ్ల తోటకి కొట్టుకుపోతుంది. అడుగు లోతు గొయ్యి తీసి నాలుగు పారల మట్టి కప్పితే, పుట్టిన ఈగ ఆ వదులు మట్టిలోంచి పైకి వచ్చేస్తుంది. కాయ మీద కనీసం రెండడుగుల మట్టి పడాలి, పడ్డ మట్టిని తొక్కి బిగించాలి. గొయ్యి తీయడం కుదరకపోతే చిల్లు లేని మందపాటి నల్ల పాలిథిన్ సంచిలో నింపి, మూతి రెండుసార్లు మడిచి కట్టి, పది రోజులు నేరుగా ఎండ తగిలే చోట పెట్టండి. లోపలి వేడికి పురుగు చస్తుంది. మబ్బు రోజుల్లో ఈ పద్ధతి పనిచేయదు, అప్పుడు గొయ్యే దిక్కు. పశువులకు వేయదలిస్తే ఏరిన పూటే వేసేయండి, రేపటికని గంపలో దాచకండి. రాలిన కాయ ఏ రోజుది ఆ రోజే.

ఎరలు

మిథైల్ యూజినాల్ ఎర మగ ఈగల్నే లాగుతుంది. ఆడదానికి జోడు దొరక్కుండా చేయడమే దాని పని. అందుకే కాయ రంగు తిరిగాక పెడితే లాభం లేదు, కోతకు 45 నుంచి 60 రోజుల ముందే కట్టాలి. ఆలస్యమైతే ఈ రోజే కట్టండి, తక్కిన జాగ్రత్తలు మాత్రం సడలించకండి.

ఆల్కహాలు 6 వంతులు, మిథైల్ యూజినాల్ 4 వంతులు, మలాథియాన్ పురుగు మందు 1 వంతు కలిపి, 5 సెంటీమీటర్ల చదరం, సెంటీమీటరు పైచిలుకు మందం ఉన్న ప్లైవుడ్ ముక్కల్ని అందులో 24 నుంచి 48 గంటలు నానబెట్టాలి. ఒక్కో ముక్కను ఈగ దూరే డబ్బాలో వేలాడదీసి, ఎకరాకు అలాంటి డబ్బాలు ఆరు తక్కువ కాకుండా, ఉధృతి ఉంటే పది కట్టాలి. మనిషి ఛాతీ ఎత్తు నుంచి తల ఎత్తు లోపు, కొమ్మ నీడన. ఎండలో వేలాడదీస్తే మందు ఆవిరై నెల తిరక్కుండానే ఖాళీ డబ్బా మిగులుతుంది. డబ్బా అడుగున సన్న రంధ్రం పెట్టకపోతే వాన నీరు నిండి ముక్క మునిగిపోతుంది. కట్టిన తీగకు గ్రీజు రాయండి, లేకపోతే చచ్చిన ఈగల్ని చీమలు ఎత్తుకుపోయి మీకు లెక్క అందదు. నెల, నెలన్నరకి ముక్క మార్చాలి, పెద్ద వాన పడితే అంతకంటే ముందే.

దుకాణంలో అడిగేటప్పుడు మామిడికని స్పష్టంగా చెప్పండి. కాకర, బీర, దోస పాదులకు వాడే క్యూల్యూర్ ఇస్తే మామిడి ఈగ దాని వంక చూడదు. పెట్టె మీద పేరు చదివే తీసుకోండి.

ఒక్కరి తోటలో కడితే పక్క తోటల ఈగలు కూడా అక్కడికే వస్తాయి. ఊరంతా ఒకే వారంలో కట్టాలి.

ఇకనుంచి కోత అయ్యేదాకా

ఆడ ఈగకు బెల్లం ఎర. లీటరు నీటికి 100 గ్రాముల బెల్లం, 2 మిల్లీలీటర్ల డెల్టామెత్రిన్ 2.8 ఈసీ పురుగు మందు. కోతకు మూడు వారాల ముందు నుంచి వారానికోసారి, సాయంత్రం పూట, కాండం మీదా కింది ఆకుల మీదా మచ్చలు మచ్చలుగా. కాయ మీద పడకూడదు. మందు డబ్బా మీద రాసిన కోత గడువు దాటాకే కోయండి.

వాన కురిస్తే ఆ బెల్లం కడుక్కుపోయినట్టే. తెరిపి ఇచ్చాక మళ్లీ కొట్టాలి.

చెట్టంతా తడిసేలా మందు కొట్టకండి. గుడ్డూ పురుగూ కాయ లోపలున్నాయి, మందు వాటిని తాకదు. మీ కాయకి మందు అంటుతుంది, అంతే.

డైక్లోర్‌వాస్ పురుగు మందు దేశంలో 2020 చివరి నుంచి నిషేధం. పాత సీసా మిగిలి ఉన్నా వాడకండి.

మలాథియాన్ కలిపేటప్పుడు చేతి తొడుగులు. తాగునీళ్ల సీసాల్లో మందు పోయొద్దు.

పిడుగులు పడుతుంటే కాయ ఏరడానికి చెట్టు కిందకి మనుషుల్ని పంపకండి. వెలిశాక, తెల్లవారగానే పంపండి.

పాదులో నేలను ఎండ కాసిన రోజు రెండంగుళాల లోతున గీకండి. గూళ్లు పైకి తేలి ఎండుతాయి. తడి నేలను గీకితే దండగ. ట్రాక్టరు దున్నకం కోతలయ్యాక.

సూది గుచ్చినంత చుక్క, దాని మీద సొన బొట్టు: ఈగ గుడ్డు పెట్టిన గుర్తు ఇదే. మూడు నాలుగు రోజులకు చుట్టూ మెత్తబడుతుంది. వేలితో నొక్కి చూడండి. మెత్తబడిన కాయ చెట్టునున్నా కోసేయండి, రాలేదాకా ఆగొద్దు.

చెట్టున కాయ పండేదాకా ఉంచకండి. ఈగ ముందు వచ్చేది పండిన వాటి మీదికే. మబ్బు సూచన ఉంటే పక్వానికి వచ్చిన కాయ వరకు కోసేయండి, రేటు కోసం వారం ఆపితే ఆ వారంలోనే గుడ్డు పడుతుంది.

కోసిన కాయను చెట్టు కింద కుప్పగా రాత్రి ఉంచకండి. కోసిన కాయ మీద కూడా ఈగ గుడ్లు పెడుతుంది. వల కప్పండి, లేదా ఆ పూటే షెడ్డుకి చేర్చండి.

దూరం పంపే కాయకు వేడినీటి శుద్ధి: కోసిన 24 గంటల లోపు, 48 డిగ్రీల నీటిలో 60 నిమిషాలు. ఇంటి దగ్గర కాగులో చేసే పని కాదు. రెండు డిగ్రీలు తగ్గితే పురుగు బతుకుతుంది, రెండు పెరిగితే తొక్క ఉడుకుతుంది. మన దేశపు మామిడిని 2014 మే నుంచి 2015 మొదటి నెలల దాకా ఐరోపా సమాఖ్య రానివ్వలేదు. సరుకులో పండు ఈగ దొరకడమే కారణం.

తోట గట్టున జామ, వీధిలో బాదం ఉంటే వాటి కిందా ఏరండి. మామిడి లేని నెలల్లో ఈగ బతికేది వాటి మీదే. నగరంలో పెరటి చెట్టున్న వాళ్లకూ ఇదే వర్తిస్తుంది.

కాయకు సంచులు కట్టిన వాళ్లు వాన తరవాత ఒకసారి చూసుకోండి. చిరిగిన కాగితం సంచి ఉన్నా లేనట్టే.

ఎరలో ఈగలు తగ్గాయని ఏరడం ఆపకండి.

కూలీలు రాలేదని ఆపకండి.

పదిహేను రోజుల్లో కోతేగా అని ఆపకండి. రాలిన కాయ ఏ రోజుది ఆ రోజే, రోజుకి రెండుసార్లు, పొద్దునా సాయంత్రమూ.

ఆఖరి కోత అయ్యాక కూడా నెల రోజులు ఎరలు అలాగే ఉండాలి. చిటారు కొమ్మన అందక వదిలేసిన నాలుగు కాయల్నీ గెడకర్రతో దులిపి, వాటినీ గోతిలో వేసి మట్టి తొక్కించండి.