ఒకే పని, నాలుగు మంచాలు: నర్సింగ్ విద్యార్థులకు వయసును చదవడం ఇలా నేర్పండి

వార్డులో మొదటి రోజు నా విద్యార్థులు పుస్తకం తీసుకురానక్కర్లేదు. సెకన్ల ముల్లు ఉన్న చేతి గడియారం, చిన్న నోటుపుస్తకం, పెన్ను చాలు. ఫోనులో చూసుకుంటామంటే ఒప్పుకోను. ఫోను పట్టుకుంటే కళ్లు దాని మీదే ఉంటాయి. గడియారాన్నైతే పసిబిడ్డ పొట్ట పక్కనే పెట్టి, రెండింటినీ ఒకే చూపులో చూడవచ్చు.

నల్లగొండలో ట్యూటర్‌గా చేరకముందు చాలా ఏళ్లు వార్డుల్లో పనిచేశాను. కొత్తగా పాఠాలు చెప్పడం మొదలుపెట్టిన ట్యూటర్లకు, విద్యార్థులను వెంట తిప్పుకునే స్టాఫ్ నర్సులకు పనికొస్తుందని నా పద్ధతి రాస్తున్నాను. మన చదువులో పిల్లల ఆరోగ్యం ఒక పేపరు, ప్రసూతి ఇంకో పేపరు, మానసిక ఆరోగ్యం మరొకటి. పెద్దవయసు వాళ్ల సంగతి మెడికల్ సర్జికల్ పుస్తకంలో ఒక అధ్యాయం. పరీక్షల కోసం అలా విడదీయక తప్పదు. కానీ అలా చదివిన అమ్మాయి పిల్లల వార్డు నుంచి మగవాళ్ల వార్డుకు మారగానే నిన్నటి చేతులతోనే పని మొదలుపెడుతుంది. అందుకే నేను వయసుల వారీగా చెప్పను. ఒక పని ఎంచుకుని, ఆ ఒక్క పనినీ ఒకే పూటలో నాలుగు మంచాల దగ్గర చేయిస్తాను: పుట్టిన బిడ్డ, ఐదేళ్లలోపు పిల్ల, గర్భిణి లేదా కష్టం చేసుకునే వయసు మనిషి, డెబ్బై దాటిన పెద్దాయన.

ఎప్పుడూ పసిబిడ్డతోనే మొదలుపెట్టించండి. పెద్దల వార్డులో తిరిగిన బట్టలతో, చేతులతో బిడ్డ దగ్గరికి వెళ్లనివ్వవద్దు. మంచానికీ మంచానికీ మధ్య చేతులు కడగడం ఎలాగూ తప్పదు.

మొదటి పనిగా ఊపిరి లెక్కపెట్టడం పెట్టుకోండి. పరికరం అక్కర్లేదు, ఖర్చు లేదు, అయినా ఎక్కువమంది తప్పుగా చేసే పని ఇదే. పుట్టిన బిడ్డ నిమిషానికి 30 నుంచి 60 సార్లు ఊపిరి తీస్తుంది. అదీ ఒక వరుసలో ఉండదు. గబగబా నాలుగు తీసి, కొన్ని సెకన్లు ఆగి, మళ్లీ మొదలుపెడుతుంది. పావు నిమిషం చూసి నాలుగుతో గుణిస్తే ఏ అంకె అయినా రావచ్చు. కాబట్టి పూర్తి నిమిషం లెక్కపెట్టాలి. బిడ్డ ఏడుస్తున్నప్పుడు కాదు, నెమ్మదించాక. గుడ్డ పక్కకు తీసి చూడవలసింది ఛాతీని కాదు, పొట్టను. పసివాళ్లు పొట్టతోనే ఊపిరి తీస్తారు.

పిల్లల వార్డులో ఇద్దరు విద్యార్థులను ఒకే పిల్ల దగ్గర నిలబెట్టండి. ఒకరి అంకె ఒకరికి చెప్పుకోకుండా చీటీల మీద రాయమనండి. ఒకసారి ఎనిమిది నెలల పాప దగ్గర ఒక చీటీలో 44, ఇంకో చీటీలో 52 వచ్చాయి. 44 రాసిన అమ్మాయి అర నిమిషం చూసి రెట్టింపు చేసింది. తేడా ఎనిమిదే కదా అని సరిపెట్టుకోవడానికి లేదు. రెండు నెలలలోపు బిడ్డకు నిమిషానికి 60 లేదా అంతకు మించితే, రెండు నెలల నుంచి ఏడాదిలోపు 50 లేదా అంతకు మించితే, ఏడాది నుంచి ఐదేళ్లలోపు 40 లేదా అంతకు మించితే అది వేగంగా ఊపిరి తీయడం. దగ్గుతో వచ్చిన ఆ పాప 44 అయితే జలుబు లెక్కలోకి వెళుతుంది, 52 అయితే న్యుమోనియా లెక్కలోకి వెళుతుంది. ఆ రెండు చీటీలను నేను పారేయలేదు. ప్రతి కొత్త బ్యాచ్‌కూ చూపిస్తాను.

అంకెతో పాటు తల్లుల మాట కూడా రాయించండి. “పక్కలు ఎగరేస్తున్నాడు” అని తల్లి అంటే, ఊపిరి లోపలికి పీల్చినప్పుడు పక్కటెముకల కింది భాగం లోపలికి గుంజుకుపోతోందేమో వెంటనే చొక్కా ఎత్తి చూడాలి. ఆ మాట విని కూడా చొక్కా ఎత్తని విద్యార్థిని మళ్లీ అదే మంచం దగ్గరికి పంపుతాను.

రెండేళ్ల పిల్లల దగ్గర ముట్టుకోకుండా చేయగలిగినవన్నీ ముందు చేయాలి. తల్లి ఒడిలోనే ఉండనిచ్చి, దూరం నుంచి ఊపిరి లెక్క, ఒంటి రంగు, ఆట. తర్వాత కాళ్లు చేతులు. నోరు, చెవులు అన్నిటికన్నా చివర. ముందే నోరు తెరిపించబోతే పిల్ల ఏడుపు అందుకుంటుంది, ఇక ఊపిరీ నాడీ ఏదీ నమ్మదగ్గ అంకె ఇవ్వదు.

పెద్దవాళ్ల దగ్గర చిక్కు వేరు. ఊపిరి లెక్కపెడుతున్నానని చెబితే ఊపిరి తీరే మారిపోతుంది. మణికట్టు పట్టుకుని నాడి చూస్తున్నట్టే ఉండి, కళ్లతో ఛాతీని లెక్కపెట్టాలి. 12 నుంచి 20 మామూలు. డెబ్బై దాటిన మనిషిలో ఆ అంకె 26కో 28కో పెరిగి ఉంటే, ఒంట్లో వేడి లేకపోయినా డాక్టరుకు చెప్పాలి. ఆ వయసులో న్యుమోనియా జ్వరం లేకుండానే రావచ్చు. తికమకగా మాట్లాడటం, అన్నం మానేయడం, ఒళ్లు తూలి పడటం ముందు కనిపిస్తాయి. ఇంట్లోవాళ్లు చాదస్తం అనుకుంటారు. అందుకే నా విద్యార్థులందరికీ ఒక ప్రశ్న కంఠతా వచ్చి ఉండాలి: “మొన్న కూడా ఇలాగే మాట్లాడాడా?” మొన్నటిదాకా బాగానే ఉన్న మనిషి ఇవాళ మారితే అది వయసు కాదు, జబ్బు.

ఇక మా జిల్లాలో పనిచేసేవాళ్లు తప్పక నేర్పవలసిన మంచం ఒకటుంది. నేను స్టాఫ్ నర్సుగా చేరిన కొత్తలో మర్రిగూడ వైపు నుంచి ఒక పెద్దాయన జ్వరంతో చేరాడు. ఎన్నో ఏళ్లు ఫ్లోరైడ్ నీళ్లు తాగి వెన్ను వంగి, బిగిసిపోయిన మనిషి. తల కింద గొంగడి మడత, దాని మీద భార్య చీర మడత పెట్టుకున్నాడు. పక్క వేయడం నాకు నేర్పింది ఒకే తీరులో: ముడత లేకుండా, చదునుగా, ఒకే దిండు. డాక్టర్లు రౌండ్లకు వచ్చేలోపు మడతలు రెండూ తీసేసి ఆయన్ను వెల్లకిలా పడుకోబెట్టాను. తల మంచానికి ఆనలేదు. పరుపుకూ తలకూ మధ్య నాలుగు వేళ్ల ఎడం. మెడ రెండు పక్కలా కండరాలు తాళ్లలా బిగిసి, తల గాలిలో ఆగి ఉంది. ఆయన ఏమీ అనలేదు, కళ్లు మూసుకున్నాడు. ఆయన భార్య నన్ను పక్కకు జరిపి, మడతలు మళ్లీ పెట్టి, తల కింద రెండు వేళ్లు దూర్చి చూసింది. ఇంకా ఖాళీ తగిలినట్టుంది, కొంగు మడిచి అది కూడా పెట్టింది. వేళ్లు దూరకుండా అయ్యాక చేయి తీసింది. ఆయన మెడ వదులైంది.

ఆ రెండు వేళ్ల పరీక్షే ఇప్పుడు నేను నేర్పుతున్నాను. మెడ కింద, నడుము కింద, మోకాళ్ల కింద వేళ్లు దూర్చి, ఖాళీ ఉన్నచోటల్లా గుడ్డ మడత పెట్టించండి. పక్కకు తిప్పేటప్పుడు భుజమొకసారి, తుంటి ఒకసారి కాకుండా, ఇద్దరు ముగ్గురు కలిసి ఒళ్లంతా ఒకేసారి తిప్పాలి. కదలలేని మనిషిని రెండు గంటలకోసారి తిప్పుతాం కదా, వంగిన వెన్ను ఉన్నవాళ్లకు వీపు మీద ఎముక పొడుచుకొచ్చిన చోట చర్మం ముందు ఎర్రబడుతుంది. తిప్పిన ప్రతిసారీ అక్కడ చూడమనండి. తర్వాత తరగతి గదిలో మెడ కదపకుండా స్టీలు గ్లాసుతో నీళ్లు తాగమనండి. సగం గ్లాసు దాటాక ఎవరివల్లా కాదు. చెంచా ఎందుకు కావాలో, స్ట్రా ఎందుకు కావాలో ఇంక చెప్పనక్కర్లేదు.

ఆ పెద్దాయన దగ్గరే ఊపిరి లెక్కకు మళ్లీ రండి. ఫ్లోరైడ్ ముదిరిన ఒంట్లో పక్కటెముకలు కూడా బిగిసిపోయి ఛాతీ సరిగా లేవదు. ఛాతీనే చూస్తూ నిలబడిన అమ్మాయి అంకె దొరక్క అవస్థపడుతుంది. పొద్దున బిడ్డ దగ్గర ఎక్కడ చూశావని అడగండి. వెంటనే పొట్ట వైపు చూస్తుంది.

ఫ్లోరైడ్ వయసును బట్టి ఎలా దెబ్బతీస్తుందో కూడా ఇక్కడే చెప్పాలి. నీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించితే ముప్పు. పళ్ల మీద మచ్చలు చిన్నతనంలో, చిగురు లోపల పళ్లు తయారయ్యే కాలంలో పడతాయి. పెద్దయ్యాక కొత్తగా ఆ నీళ్లు తాగిన మనిషికి పళ్లు తెల్లగానే ఉండి, ఎముకలు బిగుసుకోవచ్చు. కాబట్టి పళ్లు బాగున్నాయని నడుంనొప్పిని తీసిపారేయకూడదు. మిషన్ భగీరథ నీళ్లు వచ్చాక పుట్టిన పిల్లల పళ్లనూ, వాళ్ల తాతల పళ్లనూ పక్కపక్కన చూడటానికి మునుగోడు, మర్రిగూడ వైపు ఇళ్లలో మన విద్యార్థులకు వీలుంది. ఆ వీలును వదులుకోవద్దు.

మందు ఇవ్వడం నేర్పేటప్పుడు బల్ల మీద రెండు పారాసెటమాల్ సీసాలు పెడతాను. ఒకటి 5 మిల్లీలీటర్లలో 120 మిల్లీగ్రాములు ఉన్న సిరప్. రెండోది చుక్కల మందు, ఒక్క మిల్లీలీటరులోనే 100 మిల్లీగ్రాములు. ఎనిమిది కిలోల పిల్లకు కిలోకు 10 నుంచి 15 మిల్లీగ్రాముల లెక్కన ఒక మోతాదుకు 80 నుంచి 120 మిల్లీగ్రాములు కావాలి. సిరప్ అయితే 4 మిల్లీలీటర్లకు 96 వస్తుంది, సరిపోతుంది. అదే 4 మిల్లీలీటర్లు చుక్కల మందు పోస్తే 400. రెండు సీసాల మీదా పేరు ఒకటే. విద్యార్థి సీసా మీది అంకెను పైకి చదివి, లెక్క కాగితం మీద వేసి, పక్కన ఉన్నవాళ్లకు చూపించాకే మూత తీయాలి. పెద్దాయన దగ్గర లెక్క ఇంకో రకం. ఆయన సంచిలోని మాత్రలన్నీ మంచం మీద పోయించండి. ఒకే మందు రెండు పేర్లతో రెండు షీట్లలో ఉండటం నేను చాలాసార్లు చూశాను. బీపీ మందు వాడేవారికి పడుకున్నప్పుడు ఒకసారి, లేచి నిలబడ్డాక మూడు నిమిషాలలోపు మళ్లీ ఒకసారి బీపీ చూడాలి. పై అంకె 20 మేర గానీ, కింది అంకె 10 మేర గానీ తగ్గితే రాత్రి బాత్రూముకు ఆయన ఒక్కరే వెళ్లకూడదు.

నొప్పి అడగడానికి సున్నా నుంచి పది దాకా గీసిన గీత యువకులకు పనికొస్తుంది. మా వైపు పెద్దవాళ్లకు దానికన్నా రూపాయి లెక్క నయం. “అవ్వా, నిన్న రూపాయి నొప్పి అనుకుంటే ఇవాళ ఎంత?” అంటే “ముప్పావలా ఉంది బిడ్డా” అని తడుముకోకుండా చెబుతుంది. సూది వేసిన గంటకు మళ్లీ అడిగితే పావలా అంటుంది. ఆ మాటను అలాగే రికార్డులో రాసి, పక్కన అంకె వేయించండి. సలుపు, పోటు, మంట, తిమ్మిరి, గుంజుడు వేర్వేరు నొప్పులు. అన్నిటినీ కలిపి “నొప్పి” అని రాస్తే తిప్పి ఇచ్చేస్తాను. మాట రాని బిడ్డ దగ్గర ముఖం, కాళ్లు, ఏడుపు, ఎత్తుకుంటే ఊరుకుంటుందా లేదా అన్నవే మాటలు. పదిహేనేళ్ల అమ్మాయి అయితే తల్లిని టీ తాగి రమ్మని పంపి అడగాలి. తల్లి పక్కన ఉంటే నెలసరి గురించీ, రక్తహీనత మాత్రలు నిజంగా మింగుతోందా అన్నదాని గురించీ ఆ పిల్ల సరిగా చెప్పదు.

చివరగా ఇంటి పని. పాలమూరు వైపు పోస్టింగులకు వెళ్లినప్పుడు విద్యార్థులు ముందు గమనించవలసింది బిడ్డను ఎవరు తెచ్చారన్నది. తల్లిదండ్రులు పనికోసం బొంబాయి, పుణె వెళ్లిన ఇళ్లలో విరేచనాలతో ఉన్న బిడ్డను ఎత్తుకొచ్చేది అవ్వ. ఆమెను “అమ్మ ఏది?” అని అడగడం కాదు, “అన్నం ఎవరు తినిపిస్తారు?” అని అడగాలి. ఓఆర్‌ఎస్ ప్యాకెట్టు చేతిలో పెట్టి పంపితే ఆమె గ్లాసుకు కొంచెం కొంచెం కలుపుతుంది. లీటరు నీళ్ల సీసా తెప్పించి, ప్యాకెట్టు మొత్తం ఒకేసారి ఆమె చేతే కలిపించాలి. మర్నాటికి మిగిలింది పారబోసి కొత్తది కలపాలని చెప్పాలి. జింకు మాత్ర ఆరు నెలలు దాటిన బిడ్డకు రోజుకు 20 మిల్లీగ్రాములు, 14 రోజులు, చెంచాడు నీళ్లలో కరిగించి. విరేచనాలు మూడో రోజుకే ఆగినా మిగతా మాత్రలు వేయాలి. అక్కడే ఎక్కువమంది మానేస్తారు. అవ్వకు చదువు రాకపోతే గోడమీది క్యాలెండరులో పద్నాలుగు గళ్లకు చుక్కలు పెట్టి, మాత్ర వేసిన రోజు చుక్కను కొట్టేయమని చెప్పించండి.

చెప్పి వచ్చాను మేడం అంటే నేను మార్కులు వేయను. పద్నాలుగో రోజున మళ్లీ ఆ గడపకు వెళ్లి, క్యాలెండరు చూసి, షీటులో ఎన్ని మాత్రలు మిగిలాయో నాకు వచ్చి చెప్పిన రోజే ఆ రికార్డు మీద సంతకం పెడతాను.