స్టార్ వెళ్లిపోయేలా ఉన్నాడు: ఇప్పుడే ట్రేడ్ చేయాలా, ఆగాలా?

2016 జూలై 4న అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో స్టార్ ఆటగాడు కెవిన్ డ్యూరాంట్ తన జట్టు ఓక్లహోమా సిటీ థండర్‌ని వదిలేసి గోల్డెన్ స్టేట్ జట్టుకి వెళ్తున్నట్టు చెప్పాడు. బదులుగా థండర్‌కి ఒక్క ఆటగాడూ రాలేదు, ఒక్క డ్రాఫ్ట్ పిక్కూ (కొత్త కుర్రాళ్లని ఎంచుకునే వంతు) రాలేదు. ఎన్‌బీఏలో సీనియర్ ఆటగాడి కాంట్రాక్టు ముగిస్తే అంతే. ఐపీఎల్‌లోలా వేలం ఉండదు, పాత జట్టు చేతిలో ఆర్‌టీఎం కార్డూ (వేలంలో వచ్చిన ధరకే తన ఆటగాణ్ని తిరిగి తీసుకునే హక్కు) ఉండదు. నచ్చిన చోట సంతకం పెట్టేస్తాడు. అందుకే కాంట్రాక్టు చివరికొస్తుంటే జట్టు మేనేజర్లకి టెన్షన్. ఆ టెన్షన్‌లో తప్పు మందు వేసేవాళ్లే ఎక్కువ.

లక్షణం: ఎక్స్‌టెన్షన్ (కాంట్రాక్టు పొడిగింపు) ఇస్తామన్నా సంతకం పెట్టడం లేదు

కంగారు పడకండి. చాలాసార్లు దీనికి కారణం లెక్కలే. ఆగితే ఇంకా పెద్ద కాంట్రాక్టుకి అర్హత వస్తుందనుకుంటే ఎవరైనా ఆగుతారు. పైగా డబ్బు విషయంలో పాత జట్టుదే పైచేయి: సొంత ఆటగాడికి ఐదేళ్లు, ఏటా 8 శాతం పెంపుతో ఇవ్వొచ్చు. కొత్త జట్టు నాలుగేళ్లు, 5 శాతం దాటలేదు. 2020లో యానిస్ ఆంటెటోకౌంపో విషయంలో అతని జట్టు మిల్వాకీ నెలల తరబడి ఎదురుచూసింది. డిసెంబర్‌లో అతను ఐదేళ్లకి దాదాపు 22.8 కోట్ల డాలర్ల ఒప్పందం మీద సంతకం పెట్టాడు. మరుసటి జూలైలో టైటిల్ గెలిచారు.

లక్షణం: ఏజెంట్ ద్వారా 'వచ్చే ఏడాది ఉండను' అని కబురు వచ్చింది, కాంట్రాక్టు ఇంకా ఏడాది ఉంది

ఇది అసలు జబ్బు. బతిమాలడం, కొత్త కోచ్‌ని తేవడం, ఇవన్నీ దింపుడు కళ్లం ఆశలే. పరిష్కారం ఒక్కటే: ఆ వేసవిలోనే అమ్మేయడం, అంటే వేరే జట్టుకిచ్చి బదులుగా ఆటగాళ్లనో పిక్‌లనో తీసుకోవడం (ట్రేడ్). సంతలో టమాటాకి పొద్దున ఉన్న ధర సాయంత్రం ఉండదు కదా, ఇదీ అంతే. కాంట్రాక్టులో నెలలు తగ్గేకొద్దీ కొనేవాళ్ల బేరం పెరుగుతుంది.

2017లో పాల్ జార్జ్ తన జట్టు ఇండియానాకి ఇలాగే చెప్పాడు. వాళ్లు అతన్ని థండర్‌కిచ్చి విక్టర్ ఒలడీపో, డొమాంటస్ సబోనిస్‌లను తీసుకున్నారు. అప్పట్లో ఇండియానా మోసపోయిందని నవ్వినవాళ్లే ఎక్కువ. ఒలడీపో వచ్చిన సీజన్‌లోనే ఆల్-స్టార్ (లీగ్‌లోని మేటి ఆటగాళ్ల మ్యాచ్‌కి ఎంపిక) అయ్యాడు. సబోనిస్‌ని 2022లో సాక్రమెంటోకి ఇచ్చి టైరీస్ హాలిబర్టన్‌ని తెచ్చుకున్నారు.

అవతలి వైపు కథ ఇంకా బావుంటుంది. 2018లో జార్జ్ థండర్‌తోనే కొత్త కాంట్రాక్టు చేసుకున్నాడు. ఏడాది తిరిగేసరికి లాస్ ఏంజెలెస్ క్లిప్పర్స్‌కి వెళ్తానన్నాడు. కానీ ఈసారి కాంట్రాక్టులో ఇంకా ఏళ్లు మిగిలి ఉన్నాయి, కాబట్టి థండర్ గట్టిగా పిండింది: షాయ్ గిల్జస్-అలెగ్జాండర్, డానిలో గాలినారి, ఐదు ఫస్ట్ రౌండ్ (డ్రాఫ్ట్ మొదటి విడత) పిక్స్. డ్యూరాంట్ దెబ్బ నేర్పిన పాఠం అనుకోవచ్చు. 2025 ఫైనల్లో ఎదురుపడింది ఎవరో తెలుసా? ఓక్లహోమా సిటీ, ఇండియానా. ఏడో మ్యాచ్ దాకా వెళ్లింది, థండర్ గెలిచింది.

లక్షణం: ట్రేడ్‌లకి ఫిబ్రవరి గడువు వచ్చేసింది, ఆటగాడు ఎటూ తేల్చడం లేదు

ఇక్కడ ధర మీ చేతిలో ఉండదు. నాలుగు నెలల కోసం ఎవరూ ఎక్కువ ఇవ్వరు, అతను అక్కడ కొనసాగుతానంటే తప్ప. 2011లో కార్మెలో ఆంథనీ న్యూయార్క్‌లో ఉండటానికి సిద్ధపడ్డాడు కాబట్టే అతని పాత జట్టు డెన్వర్‌కి గాలినారి, విల్సన్ చాండ్లర్, రేమండ్ ఫెల్టన్, టిమోఫే మోజ్‌గోవ్ దక్కారు. రెండేళ్లకి, 2012-13లో, డెన్వర్ 57 మ్యాచ్‌లు గెలిచింది.

'వాడు పోతే ఆ డబ్బుతో ఇంకొకణ్ని తెస్తాం' అంటున్నారా?

ఇది లక్షణం కాదు, భ్రమ. జట్టు మొత్తం జీతాలు శాలరీ క్యాప్ (జట్టు జీతాలకి లీగ్ పెట్టిన పరిమితి) దాటి ఉంటే, స్టార్ జీతం తగ్గినా ఖాళీ పెద్దగా మిగలదు. క్యాప్ దాటి పెద్ద జీతం ఇచ్చే వెసులుబాటు సొంత ఆటగాడికే, బయటివాడికి కాదు. 2010లో స్టార్ లెబ్రాన్ జేమ్స్ వెళ్లాక క్లీవ్‌ల్యాండ్ 61 విజయాల నుంచి 19కి పడిపోయింది. వరసగా 26 మ్యాచ్‌లు ఓడింది.

లక్షణం: వెళ్తాడేమోనని భయం, కానీ టైటిల్ అందేంత దూరంలో ఉంది

అమ్మకండి. టొరంటో 2018లో చివరి ఏడాది కాంట్రాక్టులో ఉన్న కవాయ్ లెనార్డ్‌ని కోరి తెచ్చుకుంది. 2019లో టైటిల్ గెలిచింది, అదే జూలైలో అతను వెళ్లిపోయాడు. చేతికి ఏమీ రాకపోయినా అది నష్టం అనను. ఆ లెక్కన డ్యూరాంట్‌ని ఉంచుకోవడమూ తప్పు కాదనే నా అభిప్రాయం. 2016 వెస్ట్ ఫైనల్లో (లీగ్‌లో పశ్చిమ సగం జట్ల ఫైనల్), ఏడు మ్యాచ్‌ల సిరీస్‌లో, అదే గోల్డెన్ స్టేట్ మీద 3-1తో ముందున్న జట్టు అది. ఒక్క మ్యాచ్ గెలిచి ఉంటే ఎవరూ ఈ ప్రశ్నే వేసేవాళ్లు కాదు.

ఏ లక్షణమూ లేకుండానే ఆపరేషన్ చేస్తే

2025 ఫిబ్రవరిలో డాలస్ అదే చేసింది. వెళ్లిపోతానని ఆ జట్టు స్టార్ లూకా డాన్సిచ్ అడగలేదు. ఎనిమిది నెలల ముందే జట్టుని ఫైనల్‌కి తీసుకెళ్లాడు. రాబోయే వేసవిలో అతనికి ఇవ్వాల్సి వచ్చే భారీ కాంట్రాక్టు దగ్గర పడుతోంది. రాత్రికి రాత్రి లేకర్స్‌కి ఇచ్చేసి ఆంథనీ డేవిస్‌ని, మాక్స్ క్రిస్టీని, ఒక్క ఫస్ట్ రౌండ్ పిక్‌ని తీసుకున్నారు. ఇంత స్టార్‌ని అమ్మేటప్పుడు నలుగురినీ అడిగి ధర పెంచాలన్న మామూలు జాగ్రత్త కూడా లేదు. అభిమానులు స్టేడియం బయట నిరసనకి దిగారు. నవంబర్‌లో జనరల్ మేనేజర్ నికో హారిసన్ ఉద్యోగం పోయింది. మధ్యలో మే నెల డ్రాఫ్ట్ లాటరీలో (ఎవరు ముందు ఎంచుకోవాలో తేల్చేది), 1.8 శాతం అవకాశం మాత్రమే ఉన్న డాలస్‌కి మొదటి పిక్ తగిలి కుర్రాడు కూపర్ ఫ్లాగ్ దొరికాడు. అది వైద్యం కింద లెక్క రాదు.