దొంగలపాలైన పాత కారు స్థానంలో చవకలో మరొకటి కొనేముందు జాగ్రత్తలు

పోలీసు ఫిర్యాదు నకలు చేతికి రాగానే బీమా సంస్థకు రాతపూర్వకంగా తెలియజేయండి. పాత కారు కాగితాలతో పాటు రెండు తాళంచెవులనూ భద్రపరచండి, క్లెయిము సమయంలో సాధారణంగా అడిగేది వాటినే. కారు లేని ఇబ్బందిలో తొందరపడి కుదుర్చుకునే బేరం అమ్మేవారికే లాభం.

కొనబోయేది కూడా ఎవరిదో దొంగిలించిన బండి కావచ్చునన్న అనుమానంతోనే మొదలుపెట్టడం మేలు. 17 అక్షరాలు, అంకెలు గల ఛాసిస్ నంబరు రిజిస్ట్రేషన్ పత్రంలోనూ బండి మీదా ఒకటేనా అని ఒక్కొక్కటిగా వేలు పెట్టి సరిచూడండి; ఆ నంబరు చుట్టూ గీకిన గుర్తులు గానీ, కొత్తగా పూసిన రంగు గానీ కనిపిస్తే ధర ఎంత ఊరించినా వెనుదిరగండి. కారు మీద అప్పు బకాయి ఉందేమో కూడా విచారించండి.

ఇంజను చల్లగా ఉన్నప్పుడే స్టార్ట్ చేయించండి, ఎందుకంటే ముందే వేడెక్కించి ఉంచిన ఇంజను తన జబ్బులను దాచుకుంటుంది. టైరు పక్కగోడపై తయారీ కోడ్ చివర 2319 అని ఉంటే అది 2019లో 23వ వారంలో తయారైనదని అర్థం. మీటరులో కిలోమీటర్లు తక్కువగా ఉండి, బ్రేకు పెడల్ రబ్బరు మాత్రం నున్నగా అరిగిపోయి ఉంటే నేనైతే రబ్బరునే నమ్ముతాను.

పేరు మార్పిడి పత్రాలపై సంతకాలు పూర్తయ్యేవరకు మొత్తం డబ్బు చెల్లించకండి.